ఋతుపదమును దేశభేదమును: జపాను కవిత్వమున షినానో పర్వతసీమ

జపానుదేశపు లఘుకవిత్వమున ఋతుసూచన మొక శాసనము వంటిది. పదునేడు మాత్రల హైకూలో నేదో యొక ఋతువును దెలుపు పదముండవలెనని యా సంప్రదాయమువారు విధించిరి. ఆ పదమునకు కిగో యని పేరు. అట్టి పదములను సేకరించి కూర్చిన నిఘంటువులను సైజికి యందురు. పూవులు, పక్షులు, మృగములు, పంటలు, పండుగలు, వానలు, గాలులు సర్వమును వసంతము, గ్రీష్మము, శరత్తు, హేమంతము అను నాలుగు కాలముల క్రిందను, నూతన సంవత్సరమను వేఱొక విభాగము క్రిందను వీనియందు పంచిపెట్టబడియుండును. ఇంత విపులమైన ప్రకృతికోశమును గల కవిత్వము లోకమున మఱియొకటి యరుదు. కావున జపాను కవి ప్రకృతిని గన్నులార గాంచి యున్నదున్నట్లు వ్రాయుననియు, ఋతుపదమే యందులకు సాక్ష్యమనియు తఱచుగ వినబడుచుండును. ఈ యభిప్రాయము పాఠకలోకమున నెంత వ్యాపించినదో యంతగా పరీక్షింపబడలేదు.

ఋతువనునది యెల్లెడల నొక్కతీరున నుండదు. ఒకే మాసమున సముద్రతీరమున నొక ఋతువు, పర్వతశిఖరమున వేఱొక ఋతువు వర్తించుచుండును. అట్లయినచో నిఘంటువులోని ఋతువు ఏ దేశపు ఋతువు? ఎవడు, ఎచ్చట నిలిచి, చూచిన ఋతువు? ఈ ప్రశ్నకు జపాను నడుమనున్న షినానో పర్వతసీమ చక్కని యొరగల్లు. ఆ సీమలోని మొక్కలను, మృగపక్షులను, వానిని గూర్చిన కావ్యోక్తులను జేర్చి చూచినచో నొక విషయము తేటపడును. ఋతుపదము ప్రకృతిని దెలుపుటకు ముందు దానిని జూచినవాడు నిలిచిన తావును దెలుపును. ఆ తావు నెఱుగక చేయు వ్యాఖ్యానము పదార్థమును జెప్పును గాని కావ్యార్థమును జెప్పజాలదు.

షినానో యనునది ప్రాచీన రాష్ట్రనామము. నేడది నగానో మండలమని వ్యవహరింపబడుచున్నది. దానికి సముద్రతీరము లేదు. హిడా, కిసో, అకాయిషి యను మూడు పర్వతశ్రేణులు దాని పడమటను, దక్షిణమునను గోడలవలె నిలిచియున్నవి. వీనియందు 3,000 మీటర్లను మించిన శిఖరములు పెక్కులు గలవు. హిడా శ్రేణిలోని ఓకుహొతాకా శిఖరము 3,190 మీటర్ల యెత్తు గలది. ఈ కొండల నడుమ మత్సుమొతో, సువా, ఇనా మొదలగు లోయలు గలవు. సైబీరియానుండి వీచు శీతకాలపు గాలి జపాను సముద్రముపై తేమను గ్రోలి, కొండలను దాకి, షినానో యుత్తరభాగమున హిమమును గుమ్మరించును. ఆ మండలపు టుత్తరాగ్రమున నున్న సకాయె గ్రామపు రైలుస్టేషనునొద్ద 1945 ఫిబ్రవరి 12వ తేదీన 7.85 మీటర్ల హిమము కొలువబడినది. మే నెలలో నొక్కదినమున నీ సీమలో గ్రిందనుండి మీదికి బోవువాడు లోయలో వరిమడి దున్నుటను, నడికొండపై చెట్లు చిగుర్చుటను, శిఖరముపై చెక్కుచెదరని హిమమును వరుసగ జూడగలడు. కాలమును బట్టి మాఱవలసిన ఋతువు అచ్చట నెత్తును బట్టి మాఱును.

జపాను కవిత్వపు ఋతుక్రమ మిట్టి కొండలలో బుట్టలేదు. 905వ సంవత్సరమున చక్రవర్తి యాజ్ఞచే సంకలనమునకు బూనుకొనబడిన కొకిన్షూ గ్రంథమున మొదటి యాఱు సంపుటములును ఋతుపద్యములే. వసంతమునకు రెండు, గ్రీష్మమున కొకటి, శరత్తునకు రెండు, హేమంతమున కొకటి. ఆ పద్యములను గూర్చినవారు క్యోటో రాజధానీవాసులు. వారి యెదుటనున్నది నదులు పాఱు చిన్న పల్లపునేల. అచ్చట నుమే పూవు ముందు, దాని పిదప సకురా, కడపట ఫుజి తీగ, యిట్లు వసంతము మెట్లుమెట్లుగ దిగివచ్చును. ఈ వరుసయే కవిత్వమునకు రాజమార్గమైనది. ఆ వరుసపైననే పిమ్మటి కవులు పద్యములను గ్రుచ్చిరి; ఆ వరుసనే నిఘంటుకారులు పదిలపఱచిరి. 1803లో తకిజావా బాకిన్ ప్రకటించిన హైకై సైజికి యీ శాఖలో ప్రసిద్ధమైన కూర్పు.

రాజధానివారును బరదేశపు పట్టికనే తొలుత ననుసరించిరి. సంవత్సరమును సుమారైదేసి దినముల చొప్పున డెబ్బదిరెండు భాగములుగ విభజించి, ప్రతిభాగమునకు నొక ప్రకృతిచిహ్నమును జెప్పు పద్ధతి చీనానుండి వచ్చినది. డిసెంబరు నడుమ వచ్చు నొక భాగమునకు చీనాపట్టికలో పెద్దపులుల జతకూడిక చిహ్నము. జపానున బెద్దపులి లేదు. కావున జపాను పట్టికలో నా తావున ఎలుగుబంటి బిలముజొచ్చుట చిహ్నముగ జేర్పబడినది. 1685లో నమలునకు వచ్చిన జోక్యో పంచాంగమును గూర్చిన షిబుకవా షున్‌కై చీనాపట్టికను జపాను దేశమున కనుగుణముగ సంస్కరించెను. ఈ యుదాహరణము ముఖ్యమైనది. గ్రంథమునకును దేశమునకును పొత్తు కుదురనపుడు గ్రంథమును దిద్దుట ధర్మమేయని పంచాంగకారు లంగీకరించిరన్నమాట. కవులు మాత్రము క్యోటోనుండి షినానోకు బోవునపు డాపాటి సంస్కారమును జేయుటకు జిరకాలము వెనుదీసిరి.

రాజధానీకవులు కొండను వర్ణింపలేదని గాదు. వారి పద్యములలో కొండ యెల్లప్పుడును దూరమున నుండును. హొతొతొగిసు పక్షి యిందులకు నిదర్శనము. అది కొండలలో దాగియుండి, యైదవమాసము రాగానే యూళ్లకు దిగి కూయునని వారు భావించిరి. దాని తొలికూతకై రాత్రులు మేల్కాంచుట యొక రసికధర్మమైనది. నిజమునకు అది కొండలలో దాగియుండు పక్షి గాదు. దక్షిణదేశములనుండి మే నెలలో వచ్చి, శరత్కాలమున మరలిపోవు వలసపక్షి. కొండవాడును, రాజధానివాడును దానికై యొక్కరీతిగనే వేచియుండవలసినవారు. పట్టణవాసి తాను గాంచనిదెల్ల కొండలో నుండునని తలచుటచే నా సమయము పుట్టినది. ఆంధ్రమున నీ పక్షిని గోకిలయని యనువదించువారు రెండవ పొరపాటు చేయుచున్నారు. ఆంధ్రుల కోకిల వసంతపక్షి, వేఱొక జాతి. హొతొతొగిసు గ్రీష్మపదము. దాని కూతలో జపాను కవులు వినునది మన్మథుని పిలుపుకంటె గడచినవారి స్మరణయే.

రాయిచో యను పక్షి కథ యింకను విచిత్రము. ఆ పేరునకు ఉఱుముపక్షి యని యర్థము. ఇది హిమదేశపు కౌజుపిట్టవంటి కొండపక్షి. 1200వ సంవత్సరమున గోతొబా యను విశ్రాంత చక్రవర్తి దీనిని గూర్చి యొక పద్యము రచించెను. అందీ పక్షి షినానోకు బడమటనున్న హకుసన్ పర్వతమున సరళవృక్షముల నీడను నివసించునదిగ వర్ణింపబడినది. రాజధానిలో నుండి చెప్పినదయ్యు నా మాట వ్యర్థము గాదు. నేలబారుగ బెరుగు హైమాత్సు యను సరళవృక్షపు పొదలే యీ పక్షికి నిజమైన యాశ్రయము. కొండయెక్కిన తపస్వుల నోటిమాట యెట్లో రాజమందిరమునకు జేరియుండవచ్చును. కాని పద్యములో బక్షి యొక వింతయై నిలిచినదే కాని, దానికి ఋతువు లేదు, రంగు లేదు, ఆకలి లేదు. పిమ్మటివారా పద్యమును బక్షిచిత్రముతో గూర్చి పిడుగులనుండియు నగ్నినుండియు రక్షించు రక్షగ నుపయోగించిరనుటలో వింతలేదు. చూడబడని వస్తువు కవిత్వమున సులభముగ మంత్రమగును.

ఇచ్చట పూర్వపక్షమునకు దగిన గౌరవము నీయవలెను. భారతీయాలంకారికులలో గవిసమయమును సాంగముగ విచారించినవాడు రాజశేఖరుడు. లేనిదానిని జెప్పుట, యున్నదానిని జెప్పకుండుట, యంతట నున్నదాని నొకచోటికే నియమించుట యని యాతడు కావ్యమీమాంసలో సమయభేదములను జూపెను. చందనము మలయమునందే యనుట నియమమున కుదాహరణము. అంతేకాక, కాలవిభాగప్రకరణమున, దేశభేదముచే వస్తువుల స్వరూపము మాఱుచుండుట కానవచ్చుచున్నను దానిని యథాతథముగ నిబంధింపరాదనియు, కవినిబద్ధమే ప్రమాణమనియు నాతడు నిర్ణయించెను. ఈ మాటను షినానోకు వర్తింపజేసినచో, అచ్చటి కవి తన కొండపై జూచినదానిని విడిచి, క్యోటో వరుసనే పాడవలయును.

ఈ నిర్ణయమున బలము లేకపోలేదు. పదునేడు మాత్రలలో వర్ణనకు దావు లేదు. సకురా యనగానే వేయి సంవత్సరముల పద్యములు శ్రోత మనస్సున గదలవలెను. అపుడే యా చిన్నపద్యము పెద్దదగును. ప్రతికవియు దన యూరి పెరటిలోని ఋతువునే పాడినచో నా స్మృతి చెదరును, పద్యము తంతివార్తవలె బొట్టిదై మిగులును. సమయమనగా నసత్యము గాదు. అది సహృదయులందఱును గలిసి దాచుకొన్న సొమ్ము. కావున సమయమును ద్రోసిపుచ్చుట విమర్శకు పరిష్కారము గానేరదు. సమయమును నిలుపుచు దేశమును బల్కించుట సాధ్యమా యనునదే ప్రశ్న.

సాధ్యమని చూపిన ప్రథముడు మత్సువొ బషో. 1688 శరత్కాలమున నాతడు షినానోలోని సరషినాకు బోయెను. ఒబసుతె కొండపై వెన్నెలను జూచుట యా యాత్రకు గారణము. ఆ వెన్నెల కొకిన్షూ కాలమునుండియు గీర్తింపబడిన సమయవస్తువు. దానిని జూడబోవుట పూర్వకవులకు నమస్కరించుట. కాని యా యాత్రాగ్రంథమున వెన్నెల ప్రక్కనే కారపు ముల్లంగియు, కిసో లోయలోని తోచి చెట్టు గింజయు గానవచ్చును. తోచి గింజ కొండవారికి గరవుకాలపు దిండి; నానబెట్టి చేదు విఱిచిన పిదపగాని తినరానిది. రాజసభలలో దానికి స్థానము లేదు. బషో దానిని లోకమువారికి గానుకగ గొనిపోవ దగినదానినిగ నెన్నెను. ముల్లంగి కారమును శరత్కాలపు గాలితో జోడించెను. వెన్నెల కన్నులకు బూర్వకవు లిచ్చినది. కారము నాలుకకు దేశమిచ్చినది. ఒకే గ్రంథమున రెండును నిలుచుట యీతని ప్రతిభ. అయినను బషో బాటసారి. శరత్తున వచ్చి, శరత్తుననే వెడలిన యాతనికి షినానో హేమంతము దెలియదు.

దానిని దెలిసినవాడు కొబయాషి ఇస్సా. ఈతడు 1763లో షినానో యుత్తరభాగమున, కురోహిమె కొండ పాదముననున్న కషివబరా గ్రామమున రైతుకుటుంబమున బుట్టెను. 1777లో బదునైదేండ్ల ప్రాయమున నెడో నగరమునకు బోయి, యచ్చట గవిత్వము నేర్చి, బహుకాలము దిరిగి, యేబదియేండ్లవాడై స్వగ్రామమునకు మరలెను. పిత్రార్జితమును గూర్చిన వ్యాజ్యము 1813లో దీఱినపిదప నచ్చటనే స్థిరపడెను. కావున నీతడు రెండు ఋతుక్రమములను నెఱిగినవాడు: నగరపు గవిగోష్ఠులలో నేర్చిన పుస్తకఋతువును, బాల్యమునను వార్ధక్యమునను ననుభవించిన కొండఋతువును. ఈ రెంటి రాపిడియే యాతని కవిత్వమునకు నిప్పు.

మొదట వసంతమును జూడుడు. పూర్వపంచాంగము ప్రకారము సంవత్సరాదియే వసంతాది. అది నేటి లెక్కలో సుమారుగ ఫిబ్రవరి నెలలో వచ్చును. క్యోటోలో నప్పటికి నుమే మొగ్గలు విచ్చుచుండును. కషివబరాలో నప్పటికి నింటిచూరువఱకు హిమము. ఇస్సా 1819వ సంవత్సరమును గూర్చి వ్రాసిన గ్రంథమునకు ఒరగ హరు, అనగా మా వసంతము, అని పేరు. ఆ పేరులోని సర్వనామమునందే విమర్శయంతయు నిమిడియున్నది. లోకమునకు వచ్చు వసంతము వేఱు, మా యింటికి వచ్చు వసంతము వేఱు. ఉత్సవాలంకారములు లేక, యున్న యింటిలో నున్నట్లుగనే సంవత్సరాదిని జరుపుకొందునని యాతడు గ్రంథారంభమున జెప్పెను. ఆ సంవత్సరముననే యాతని కూతురు సాతో మసూచికముచే మృతినొందెను. వసంతమను పేరుగల పుస్తకము శోకగ్రంథమైనది. ఆతడు వసంతపదమును విడువలేదు; దానిని తన యింటి బరువునంతయు మోయునట్లు చేసెను.

హిమమునందును నిట్లే. రాజధానిలో దొలిహిమము కనువిందు. దానిని జూచుటకు మిత్రులు చేరుదురు. ఇస్సాకు హిమము నెత్తిమీది బరువు, దారికడ్డము, పంటకాలమును మ్రింగు శత్రువు. స్వగ్రామమునకు మరలినపుడు వ్రాసిన ప్రసిద్ధపద్యమున నా హిమరాశినే తన తుదినివాసముగ దలచెను. హిమము కరగుటకు గుఱుతుగ వేఱొక పద్యమున బూవును గాక, యూరినిండ నాడు పిల్లలను జూపెను. నెలల తరబడి యిండ్లలో మూయబడిన పిల్లలు వెలువడుటయే యా సీమకు వసంతపుష్పవికాసము. హిమద్రవము వసంతపదముగ నిఘంటువులో బూర్వమే కలదు. దాని క్రింద నెవ్వరును జూడని దృశ్యమును జూపుట కొండకవి చేసిన పని. ఇది సమయభంగము గాదు, సమయపూరణము.

ఇస్సా పద్యమున జెప్పినదానిని గద్యమున జెప్పినవాడు సుజుకి బొకుషి. ఈతడు షినానోకు పొరుగున, అదే హిమము గురియు ఎచిగో సీమవాడు. ఈతని హొకుఎత్సు సెప్పు యను హిమదేశవర్ణనము 1837లో బ్రకటితమయ్యెను. వెచ్చని దేశములవారి హిమవినోదమును, హిమదేశమువారి హిమకష్టమును నీతడు స్పష్టముగ వేఱుచేసి చూపెను. ఇందు ఎలుగుబంటి కథ యొకటి గలదు. హిమమున దారితప్పి పడిన మనుష్యుడొకడు ఎలుగుబంటి బిలమున జేరి, దాని దయచే బ్రతికెనని చెప్పబడినది. కథ నమ్మదగినదా కాదా యనునది యట్లుండనిండు. పంచాంగమున బులికి బదులు నిలిచిన ఎలుగుబంటి యొక చిహ్నమాత్రము. ఇచ్చటి ఎలుగుబంటికి వెచ్చని మేనును, బిలమునకు జీకటియు గలవు. ఒకే మృగము, ఒకే ఋతువు. చూచువాడు మాఱుటచే వస్తువే మాఱినది.

కొండవారికి గవులతో సంబంధములేని ఋతుభాష యొకటి కలదు. వసంతాంతమున శిఖరములపై హిమము కరగుచుండగా మిగిలిన తెల్లనిభాగములును, బయల్పడిన నల్లనిరాళ్లును ఆకారములుగ గానవచ్చును. వీనిని యుకిగతా, హిమాకృతి, యందురు. చో శిఖరమున దెల్లని సీతాకోకచిలుక కానవచ్చును. చో యనగా నా పురుగే. జీ శిఖరమున విత్తులు చల్లు ముదుసలి కానవచ్చును. జీ యనగా ముదుసలి. ఉత్తరమున నొక శిఖరముపై నల్లని గుఱ్ఱము కానవచ్చినపుడు రైతులు వరిమడులను దమ్ము చేయుట కారంభింతురు. దమ్ముచేయబడు మడికి షిరో యనియు, గుఱ్ఱమునకు ఉమా యనియు బేర్లు. కావున నా కొండ షిరోఉమా, అనగా దమ్ముగుఱ్ఱము. తెలుపునకును షిరో యనియే పేరగుటచే లేఖకులు దానిని తెల్లగుఱ్ఱమను నర్థమిచ్చు లిపితో వ్రాసిరి. ఆ లిపిచిహ్నములనే చీనా యుచ్చారణ ననుసరించి హకుబా యని చదివిరి. 1956లో నేర్పడిన గ్రామమునకును నదే పేరు. శబ్దసామ్యముచే నల్లగుఱ్ఱము తెల్లగుఱ్ఱమైనది. సేద్యపు బంచాంగము సుందరనామమైనది. నిరుక్తమును విడిచి లిపినే నమ్ము వ్యాఖ్యాత కిది మంచి పాఠము. సకురా పూచెనని కవి చెప్పునదే దమ్ముగుఱ్ఱము దిగెనని రైతు చెప్పును. మొదటిది నిఘంటువునకెక్కి దేశమంతయు దిరిగినది. రెండవది యే లోయనుండి చూచిన నా లోయకే చెల్లినది. రెండింటి విలువయు నొక్కటే, వ్యాప్తి వేఱు.

షినానో వసంతమున గ్రమము సంకోచించుటయు గమనింపదగినది. ఎత్తైన లోయలలో చలి యేప్రిలు వఱకు విడువదు. విడిచినంతనే ఉమే, అంజు, సకురా దాదాపుగ నొక్కమాఱే పూచును. క్యోటోలో నెలల తరబడి నడచు నాటకము ఇచ్చట గొన్నిదినములలో ముగియును. దీనిని సూక్ష్మముగ గనిపెట్టిన ఆధునికుడు షిమజాకి తోసోన్. 1872లో కిసో లోయలో బుట్టిన యీతడు 1899 మొదలు 1905 వఱకు కొమోరొలో నుపాధ్యాయుడై యుండి, యచ్చటి ఋతువులను, మనుష్యులను, మేఘములను జిత్రకారునివలె వ్రాసికొనెను. ఆ రచన చికుమా నదీచిత్రములను పేర 1912లో గ్రంథరూపము దాల్చెను. స్వభావోక్తికి జపాను గద్యమున నిది యుత్తమోదాహరణములలో నొకటి. అయిన నిందొక కొఱత కలదు. ఋతుపదము మోయు పూర్వస్మృతిని విడుచుటచే వర్ణనలు సత్యములై, సుందరములై, యొకదానిప్రక్క నొకటి నిలుచును గాని, యొక్కమాటలో వేయిమాటలు మ్రోగవు. తోసోన్ ఇస్సాకంటె నిశితమైన ద్రష్ట; ఇస్సా తోసోన్‌కంటె లోతైన కవి. ఒకడు సమయమును దిగవిడిచి దేశమును బొందెను. ఇంకొకడు సమయముతోనే దేశమును బొందెను.

ఆధునికకాలమున మఱియొక రాజధాని పుట్టినది. అది పర్వతారోహకుని రాజధాని. 1881లో విలియం గౌలండ్ అను నాంగ్లేయు డీ కొండలను జపాను ఆల్ప్సు అనెను. వాల్టర్ వెస్టన్ 1896లో బ్రకటించిన గ్రంథముతో నా పేరు లోకమునకెక్కెను. పిమ్మట వేసవిసెలవులలో విద్యార్థులును, ఉద్యోగులును గొండలెక్కసాగిరి. అంతట గొత్తపదములు నిఘంటువున జేరినవి. రాయిచో పక్షి, కోమకుసా పూవు, హిమనాళము, శిఖరపుష్పవనము, ఇవియెల్ల గ్రీష్మపదములు. కోమకుసా మొగ్గ గుఱ్ఱపుముఖమువలె నుండుటచే దానికా పేరు వచ్చెను. ఇతరతృణములు నిలువజాలని గులకఱాళ్ల వాలులో లోతుగ వేరుదన్ని యది వేసవిలోనే పూచును. కావున దానికి గ్రీష్మము తగును. రాయిచోకు దగునా? ఆ పక్షి హేమంతమున హిమమువలె దెల్లనైయుండును. వసంతమున ఈకలు విడిచి, గ్రీష్మమున ఱాతివన్నె దాల్చును. శరత్తున మరల మాఱును. హిమమును ద్రవ్వి యందులో దలదాచుకొనును. సంవత్సరమంతయు కొండను విడిచి దూరము పోదు. మూడుమాఱులు వేషము మార్చి నాలుగు ఋతువులను దన దేహముననే వ్రాసికొను పక్షి కొక్క గ్రీష్మమునే పంచియిచ్చుటకు గారణమేమి? మనుష్యుడు గ్రీష్మముననే కొండయెక్కుట. గోతొబా పద్యమున ఋతువులేని పక్షికి ఆరోహకుడు తన ఋతువునే తొడిగెను. ఏడువందల యేండ్లలో జూచువాడు మాఱెను. చూచువాని తావునుండియే ఋతువు పుట్టుట మాఱలేదు.

కోతి విషయమును నిట్టిదే. బషో శిష్యులు 1691లో వెలువఱచిన సరుమినో సంకలనమునకు, కొండదారిలో దొలి హేమంతపువానకు దడిసిన కోతిని గూర్చిన బషోపద్యమే పేరైనది. ఆ కోతి కవివలెనే చలిచే వణకు సహచరుడు. షినానోలోని జిగొకుదాని లోయలో 1964లో స్థాపింపబడిన వనమున నేడు కోతులు హిమకాలమున నుష్ణజలములలో స్నానమాడుట చూచుటకు దేశదేశములవారు వచ్చుచున్నారు. కోతియు, చలియు నవే. మొదటిది సహానుభూతి, రెండవది వినోదము. ఈ రెండవ దృష్టినుండి యింకను నొక బషోపద్యము పుట్టలేదన్నచో లోపము కోతిది గాదు.

ఈ విచారణ పండితగోష్ఠికే పరిమితము గాదు. పదములు సూచించు వస్తువులే నేడు తగ్గుచున్నవి. 1980 ప్రాంతపు గణనలో సుమారు 3,000 ఉన్నవనుకొన్న రాయిచో పక్షులు 2000 తర్వాత 2,000కు దిగువకు వచ్చినవి. హకుసన్ పర్వతమున నవి నశించినవని చిరకాలము తలపబడినది. 2009లో నొక్క పెంటి మాత్రము కానవచ్చెను. ప్రాచీనపద్యములలో శరత్తున దీనముగ గూయు జింకలు నేడు సంఖ్యలో బెరిగి, శిఖరపుష్పవనములను మేసివేయుచున్నవి. శరత్పదము గ్రీష్మపదమును దినుచున్నదని చెప్పవలసివచ్చినది. సువా సరస్సు గడ్డకట్టి పగిలినపు డేర్పడు హిమసేతువును ఒమివతారి యందురు. దానిని 1443 మొదలు దేవాలయమువారు వ్రాసియుంచుచున్నారు. ఇటీవలి దశాబ్దములలో నది యేర్పడని సంవత్సరములే మెండు. పదము నిఘంటువులో నిలిచి వస్తువు తొలగినపుడు, రాజశేఖరుడు చెప్పిన మొదటి భేదము, లేనిదానిని జెప్పుట, యందేర్పడును. ఇంతవఱకు కల్పనవలన బుట్టిన కవిసమయము ఇకమీద వినాశమువలన బుట్టనున్నది. అపుడు ఋతుపదము సంతాపపదమగును.

ఆంధ్రపాఠకున కిందలి ప్రయోజనము స్వల్పము గాదు. ఇస్మాయిల్ మున్నగువారి రచనలచే హైకూ యాంధ్రమున బరిచితమైనది. పాఠశాలలలోను దాని ప్రస్తావన వచ్చుచున్నది. జపాను వసంతమును చైత్రవైశాఖములుగను, హొతొతొగిసును గోకిలగను, హిమమును పొగమంచుగను జెప్పి సరిపుచ్చుట వలన పద్యము సుగమమగును గాని నిజమగుట లేదు. తెలుగున మంచు అనుమాట హిమమును, నీహారమును, ఉభయమును దెలుపును. ఇంటిపైకప్పును విఱుగగొట్టు ఇస్సా హిమమును సూర్యోదయముతో విడిపోవు పొగగ జదువుట యర్థమునకు హాని. ఆంధ్రులకు సమయమునకును దేశమునకును గల సంధి క్రొత్తది గాదు. ఆముక్తమాల్యదలోని వర్షర్తువర్ణనమున పుస్తకమేఘముల నడుమ తడిసిన పల్లెయిల్లును, పొగయు, రైతును గనిపించుట నెఱిగిన పాఠకునకు ఒరగ హరు దుర్గమము గాజాలదు.

కావున రాజశేఖరుని నిర్ణయమును గొట్టివేయ బనిలేదు; దానికి నొక్క విశేషణమును జేర్చిన జాలును. కవినిబద్ధమే ప్రమాణము, కాని యే కవి యెచ్చట నిలిచి నిబంధించెనో తెలిసినపుడే యది ప్రమాణము. సైజికిని జదువువాడు ప్రతిపదము నెదుట నీ ప్రశ్నను వేసికొనవలెను: దీనిని జూచినవాడు రాజమందిరమున నుండెనా, బాటపై నడచెనా, వేసవిలో కొండయెక్కి దిగెనా, లేక హిమము క్రింద నింటిలో నుండెనా? షినానో కొండలలో నొక్క ఋతువునకు నాలుగు సమాధానములు గలవు. ఆ నాలుగింటిని వేఱుచేయగలిగిననాడు హైకూవ్యాఖ్యానము శబ్దార్థమును దాటి కావ్యార్థమును జేరును.